నేల సంపెంగ పెంపకం: తిరుపతి, చిత్తూరు వారు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో మిద్దె మీద నాలుగు కుండీలు పెట్టుకున్నవారు మొదలుకొని పలమనేరు, కుప్పం వైపు అర ఎకరంలో పూలతోట వేయాలనుకునే రైతుల వరకు నేల సంపెంగ గురించి అడిగే ప్రశ్నలు చాలావరకు ఒకటే. వాటికి ఈ ప్రాంతపు ఎండను, వానను, నీటిని దృష్టిలో పెట్టుకొని ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. ఇంటి పెంపకానికీ పొలం సాగుకూ తేడా ఉన్నచోట ఆ తేడాను విడిగా చెప్పాము.

నేల సంపెంగ, లిల్లీ, రజనీగంధ ఒకటేనా?

ఒకటే. పూల అంగళ్లలో లిల్లీ పూలు అని కిలోల లెక్కన అమ్మేదీ, పెళ్లి దండల్లో గులాబీల మధ్య తెల్లగా కనిపించేదీ, పొడవాటి కాడలతో పుష్పగుచ్ఛాలలో పెట్టేదీ ఈ మొక్క పువ్వే. చెట్టుకు పూసే సంపెంగతో గానీ, వాన పడగానే పెరట్లో నేలలోంచి లేచే వాన లిల్లీతో గానీ దీనికి సంబంధం లేదు. ఇది మెక్సికోలో పుట్టి, ఐరోపా మీదుగా మన దేశానికి చేరిన దుంపజాతి గుల్మం. వృక్షశాస్త్రజ్ఞులు చాలాకాలం దీనిని పోలియాంథస్ ట్యూబెరోసా అని పిలిచారు; ఇప్పుడు అగేవ్ అమైకా అన్న పేరుతో కిత్తనార ప్రజాతిలో చేర్చారు. రాయలసీమలో చేల గట్ల వెంట ముళ్ల మట్టలతో కంచెలా పెరిగే కిత్తనారకు ఈ సుకుమారమైన తెల్లపువ్వు చుట్టమంటే నమ్మడం కష్టమే గానీ, ఆ చుట్టరికాన్ని గుర్తుంచుకుంటే సాగులోని సగం చిక్కులు వాటంతట అవే విడిపోతాయి.

మొదటి ఏడు బాగా పూసిన కుండీలో రెండో ఏడు పూలు ఎందుకు తగ్గిపోయాయి?

అందరికన్నా ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే కాబట్టి దీనికి కొంచెం వివరంగా సమాధానం చెప్పాలి.

కిత్తనార మొక్క తన జీవితంలో ఒక్కసారి మాత్రమే పూల కాడ వేసి, ఆ తరువాత చుట్టూ పిలకలను మిగిల్చి ఎండిపోతుంది. నేల సంపెంగ దుంప కూడా అదే పద్ధతిలో నడుస్తుంది. ఒక దుంప ఒక్క కాడనే వేస్తుంది. ఆ కాడ పూసి వాడిపోయాక ఆ దుంప మళ్లీ పూయదు. మనం ఏళ్ల తరబడి ఒకే మొక్క పూస్తున్నదని అనుకునేది నిజానికి తల్లిదుంప చుట్టూ పుట్టిన పిల్లదుంపలు ఒకదాని తరువాత ఒకటి ఎదిగి, తమ వంతు రాగానే పూయడమే. అందువల్ల ఈ మొక్కను సాకడమంటే, పైన కనిపించే కాడకన్నా లోపల ఎదుగుతున్న పిల్లదుంపలకు తిండి అందేలా చూడడమే.

పిల్లదుంప పూసే స్థాయికి ఎదగాలంటే దానికి చోటు కావాలి, ఆకుల ద్వారా తయారయ్యే ఆహారం కావాలి. ఒక తల్లిదుంప చుట్టూ చిన్నా పెద్దా కలిసి పదీ ఇరవై పిలకలు పుట్టడం మామూలే. పది అంగుళాల కుండీలో అవన్నీ ఒకదానినొకటి నెట్టుకుంటూ, ఏదీ తగినంత లావు కాలేక, గడ్డి దుబ్బులా ఆకులను మాత్రం దట్టంగా వేస్తాయి. ఇటువంటి కుండీకి ఎంత ఎరువు వేసినా ప్రయోజనం ఉండదు. దుబ్బును తవ్వి విడదీసి, లావైన దుంపలను ఎడంగా తిరిగి నాటడమే మార్గం. కుండీల్లో ఏడాదికి ఒకసారి, నేలలో రెండు మూడేళ్లకు ఒకసారి ఈ పని చేయవలసి ఉంటుంది.

పూలు అయిపోయిన వెంటనే ఆకులను కోసేసి మొక్కను శుభ్రంగా కనబడేలా చేయడం మరొక పొరపాటు అలవాటు. కాడను మాత్రమే మొదలుకు నాలుగైదు అంగుళాల పైన కోయాలి. పచ్చగా ఉన్న ప్రతి ఆకూ వచ్చే ఏటి పూలకోసం పనిచేస్తూ ఉంటుంది. అవి వాటంతట అవి పండి ఎండేదాకా ముట్టుకోకూడదు.

ఏ రకం ఎంచుకోవాలి?

వాసన కోసం, దండల కోసం పెంచేవారు ఒకే వరుస రెక్కలున్న రకాలను ఎంచుకోవాలి. బెంగళూరు సమీపంలోని హెసరఘట్టలో ఉన్న భారత ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన శృంగార్, ప్రజ్వల్ ఈ కోవకు చెందినవి. ప్రజ్వల్ అనేది శృంగార్‌ను మెక్సికన్ సింగిల్‌తో సంకరపరచగా వచ్చిన రకం. దాని మొగ్గల మీద లేత గులాబీ ఛాయ ఉంటుంది, విచ్చుకున్న పువ్వు మాత్రం తెల్లగానే ఉంటుంది. వేళ్ల మీద బుడిపెలు కట్టించే వేరుబుడిపె నులిపురుగులను శృంగార్ కొంతవరకు తట్టుకుంటుంది కాబట్టి, ముందు టమాట పండించిన నేలల్లో దీనికే మొగ్గు చూపడం మంచిది.

గదిలో పూలకూజాలో పెట్టుకోవడానికి ముద్ద రకాలు బాగుంటాయి. అదే సంస్థ విడుదల చేసిన సువాసిని ఇటువంటిది; వైభవ్ సగం ముద్ద రకం. అయితే ముద్ద రకాల్లో వాసన కొంత తక్కువ, పైమొగ్గలు పూర్తిగా విచ్చుకోకపోవడం కూడా కద్దు. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ తయారుచేసిన రజత్ రేఖ, స్వర్ణ రేఖ రకాలకు ఆకుల మీద చారలుంటాయి. మొదటిదానికి ఆకు నడుమ వెండి చార, రెండవదానికి అంచుల వెంట పసుపు చార. పూలు లేని నెలల్లో కూడా కుండీ అందంగా కనబడాలనుకునేవారికి ఇవి నచ్చుతాయి.

మిద్దె తోటకు ఒక్క రకమే తెచ్చుకోవాలంటే మా ఓటు ప్రజ్వల్‌కే.

నీలం, ఎరుపు రంగుల నేల సంపెంగ దుంపలు ఆన్‌లైన్‌లో కనబడుతున్నాయి. కొనవచ్చా?

కొనకండి. గులాబీ, పసుపు ఛాయల సంకర రకాలు విదేశాల్లో ఉన్నాయి గానీ నీలం నేల సంపెంగ లేదు. వేడుకల్లో కనిపించే నీలి కాడలు, కోసిన తెల్ల కాడలను రంగునీళ్లలో నిలబెట్టి ఆ రంగు పీల్చుకొనేలా చేసినవే.

నాటడానికి ఎటువంటి దుంప కావాలి?

రెండు నుండి మూడు సెంటీమీటర్ల అడ్డుకొలత, సుమారు 25 నుండి 30 గ్రాముల బరువు ఉండి, వేలితో నొక్కితే గట్టిగా ఉండే కదురు ఆకారపు దుంప శ్రేష్ఠం. ఒకటిన్నర సెంటీమీటరుకన్నా సన్నని దుంపలు మొదటి ఏడు ఆకులతోనే సరిపెడతాయి. వాటిని పారవేయనక్కరలేదు, పక్క మడిలో నాటి పెంచుకుంటే మరుసటి ఏటికి అక్కరకు వస్తాయి. అడుగున మెత్తబడినవి, బూజు పట్టినవి, కాడ పూసి వాడిన మచ్చ నడుమన కనిపించేవి తీసుకోవద్దు. చివరగా చెప్పిన ఆ లక్షణాన్ని చాలామంది గమనించరు. లావుగా ఉందని మురిసి, పూయడం పూర్తయిన తల్లిదుంపను కొని, ఏడాదంతా ఎదురుచూసినవారు ఉన్నారు.

తవ్విన దుంపకు నెల రోజుల విశ్రాంతి అవసరం. అమ్మేవారిని ఎప్పుడు తవ్వారో అడిగి, ఆ గడువు తీరకపోతే నీడలో ఆరబెట్టి ఉంచి నాటుకోవాలి.

మా వైపు ఎప్పుడు నాటాలి?

ఇక్కడ తిరుపతికీ పలమనేరుకూ సమాధానం ఒకటి కాదు. తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు నేల లోతట్టు, ఎండలు తీవ్రం. మే నెలలో 42 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పలమనేరు, కుప్పం, మదనపల్లె పీఠభూమి మీద ఉన్నందున అక్కడ ఎండ కాస్త నెమ్మదిగా, చలి కాస్త ఎక్కువగా ఉంటుంది. ఈ మొక్కకు ఇరవై నుండి ముప్పై డిగ్రీల వేడి అన్నిటికన్నా అనుకూలం. నలభై దాటితే చావదు గానీ కాడ పొట్టిగా వస్తుంది, మొగ్గలు చిన్నబోతాయి.

తిరుపతి వైపు ఫిబ్రవరి చివరి నుండి మార్చి మధ్య వరకు నాటితే, ఎండలు ముదిరే లోపల వేళ్లు దిగి, జూన్ జల్లులు పడే వేళకు మొదటి కాడలు వస్తాయి. నాటిన మూడు, మూడున్నర నెలలకు పూత మొదలవుతుందన్నది ఇక్కడ లెక్క. ఆ అదను తప్పితే ఏప్రిల్, మే నెలల్లో నాటకుండా ఆగి, జూన్ చివరిలో లేదా జూలైలో నాటాలి. అప్పుడు పూలు దసరాకు అందుతాయి. పీఠభూమి ప్రాంతంలో ఏప్రిల్ నుండి జూలై వరకు ఎప్పుడైనా నాటవచ్చు.

నాటకూడని కాలం ఒకటుంది: అక్టోబరు, నవంబరు నెలలు. ఈ జిల్లాల తూర్పు భాగానికి ఈశాన్య రుతుపవనాలే పెద్ద వాన తెస్తాయి. వేళ్లు పట్టని కొత్త దుంప తడి నేలలో పదిరోజులు కూర్చుంటే కుళ్లుతుంది. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలను చూసినవారికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు.

మట్టి ఎలా ఉండాలి? కుండీ ఎంత పెద్దది కావాలి?

నీరు నిలవని ఏ నేలైనా సరిపోతుంది. చిత్తూరు ఎర్రనేలలు దీనికి అనుకూలమే. అవి తేలికగా ఉండి నీటిని త్వరగా వదిలేస్తాయి. కాకపోతే వాటిలో సేంద్రియ పదార్థం తక్కువ కాబట్టి బాగా మాగిన పశువుల ఎరువు దండిగా కలపాలి. ఉదజని సూచిక (pH) ఆరున్నర నుండి ఏడున్నర మధ్య ఉంటే మంచిది. నల్లరేగడిలో వేయదలచినవారు ఎత్తైన బోదెలు తోలి, వాటి మీద నాటాలి.

కుండీకి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన ఎరువు లేదా వర్మీకంపోస్టు కలిపి, పిడికెడు వేపపిండి చేర్చాలి. కొబ్బరి పొట్టు నీటిని పట్టి ఉంచుతుందని మిద్దె తోటల వారు దానిని విరివిగా వాడుతున్నారు; ఈ మొక్క విషయంలో ఆ గుణమే చేటు, కాబట్టి చాలా తక్కువగా వాడాలి లేదా మానాలి. పన్నెండు అంగుళాల కుండీలో మూడు దుంపలు చాలు. అడుగున రంధ్రాలు మూసుకుపోకుండా పెంకులు వేసి, కుండీని నేరుగా సిమెంటు గచ్చు మీద కాక రెండు ఇటుకల మీద ఎత్తుగా పెట్టాలి. దీనివల్ల వానాకాలంలో నీరు పోతుంది, వేసవిలో గచ్చు వేడి కుండీ అడుగుకు తగలదు.

ఎండ మాత్రం కనీసం ఆరు గంటలు పడాలి. అపార్ట్‌మెంటు బాల్కనీలో నీడపట్టున పెట్టి పూలు రాలేదని బాధపడేవారికి చెప్పగలిగింది ఏమీ లేదు, కుండీని ఎండలోకి మార్చమనడం తప్ప.

ఎంత లోతులో, ఎంత ఎడంగా నాటాలి?

దుంప కొన పైకి ఉండేలా, ఐదు సెంటీమీటర్ల లోతులో, కొన మీద పలుచగా మట్టి కప్పేలా నాటాలి. పొలంలో వరుసల మధ్య 45, వరుసలో దుంపల మధ్య 20 సెంటీమీటర్లు వదిలితే ఎకరానికి సుమారు 45 వేల దుంపలు పడతాయి.

నీళ్లు ఎన్ని రోజులకు ఒకసారి పోయాలి?

రోజులు లెక్కపెట్టి పోసే పద్ధతి ఈ మొక్కకు పనికిరాదు. మట్టిలోకి రెండు అంగుళాల లోతున వేలు దించి, తడి తగలకపోతే పోయాలి. తగిలితే మరుసటి రోజుకు వదిలేయాలి. నాటిన వెంటనే ఒకసారి బాగా తడిపి, మొలక కనిపించేదాకా మళ్లీ తేమ ఆరితేనే నీరివ్వాలి. ఆకులు లేని దుంప నీరు తాగదు. ఆ దశలో పోసిన నీరంతా దాని చుట్టూ నిలిచి కుళ్లుకే దారి తీస్తుంది. ఆకులు ఐదారు వచ్చాక నీటి అవసరం పెరుగుతుంది. పూలకాడ బయటపడిన నాటి నుండి పూత ముగిసేదాకా మాత్రం తేమ తగ్గనీయకూడదు. ఆ రోజుల్లో మొక్క వాడితే పైమొగ్గలు విచ్చుకోకుండానే రాలిపోతాయి. వేసవిలో తిరుపతి మిద్దెల మీద కుండీలకు రోజూ, ఒక్కొక్కసారి రెండు పూటలా నీరు కావలసి రావచ్చు. నేలలోని మొక్కలకు అదే కాలంలో నాలుగైదు రోజులకు ఒక తడి సరిపోతుంది.

నీటి నాణ్యత గురించి కూడా చెప్పాలి. కల్యాణి జలాశయం, తెలుగు గంగ నీళ్లు అందే ఇళ్లలో ఇబ్బంది ఉండదు. లోతైన బోరునీళ్లు వాడేచోట మట్టి మీద తెల్లని పొర కనిపించినా, ఆకుల కొసలు గోధుమ రంగుకు తిరిగి ఎండుతున్నా, ఉప్పు పేరుకున్నదని గ్రహించాలి. నెలకొకసారి కుండీ అడుగునుండి ధారగా కారేంతవరకు మంచినీటితో కడిగితే ఆ ఉప్పు దిగిపోతుంది; వాననీరు పట్టి వాడుకోగలిగితే ఇంకా మేలు. కొసలు ఎండడం చూసి నీరు చాలలేదనుకొని అదే బోరునీటిని రెట్టింపు పోయడం వల్ల నష్టం పెరుగుతుంది.

ఎరువులు ఏవి, ఎంత వేయాలి?

పొలానికి దుక్కిలో ఎకరాకు పది టన్నుల పశువుల ఎరువుతో పాటు నత్రజని, భాస్వరం, పొటాష్ మూడింటినీ ఎకరాకు 80 కిలోల చొప్పున ఏడాది మొత్తం మీద ఇవ్వాలన్నది సాధారణ సిఫారసు. ఇంటి మడికి ఇదే లెక్కను కుదిస్తే చదరపు మీటరుకు ఏడాదికి యూరియా 45 గ్రాములు, సింగిల్ సూపర్ ఫాస్ఫేటు 125 గ్రాములు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 35 గ్రాములు అవుతాయి. సూపర్ ఫాస్ఫేటును, పొటాష్‌ను నాటేటప్పుడే మట్టిలో కలిపి, యూరియాను మూడు భాగాలు చేసి నాటేటప్పుడు ఒకటి, రెండు నెలలకు ఒకటి, మూడు నెలలకు ఒకటి వేయాలి. రసాయన ఎరువులు వద్దనుకునేవారు రెండు నెలలకొకసారి కుండీకి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు, కొద్దిగా వేపపిండి, కట్టెల బూడిద చిటికెడు వేసుకోవచ్చు.

యూరియా ఎక్కువైతే ఆకులు ఏపుగా, ముదురు పచ్చగా పెరిగి చూడముచ్చటగా ఉంటాయి. పూలు మాత్రం రావు.

ఆకులు బాగున్నాయి, కాడ మాత్రం రావడం లేదు. కారణం ఏమిటి?

పైన విడివిడిగా చెప్పిన వాటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది: సన్నని దుంప, ఇరుకు, నీడ, మితిమీరిన యూరియా. వీటిలో ఏది అన్నది తేల్చుకోవడానికి ముందుగా ఎండ పడే గంటలు లెక్కించండి, ఎందుకంటే అది తవ్వకుండా తెలిసే విషయం. ఎండ సరిపోతుంటే దుబ్బులో ఒక పక్కన మట్టి తొలగించి దుంపలను చూడండి. బొటనవేలి లావు దుంపలు ఒకటి రెండైనా ఉంటే ఓపిక పట్టవచ్చు. అన్నీ చిటికెనవేలంత సన్నగా ఉంటే విడదీసి నాటవలసిందే.

నవంబరు వానల్లో మొక్క మొదలు కుళ్లి పడిపోతోంది. ఏం చేయాలి?

మొదలు దగ్గర ఆకులు మెత్తబడి, తెల్లని బూజు దారాలు, ఆవగింజల్లాంటి గోధుమ రంగు గింజలు కనిపిస్తే అది స్క్లెరోషియం శిలీంధ్రం వల్ల వచ్చే కాండం కుళ్లు. సోకిన మొక్కను చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి, ఆ చోటికి దూరంగా పారవేయాలి. ఎరువు కుప్పలో మాత్రం వేయకూడదు, ఆ గింజలు నేలలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. నాటేముందు ట్రైకోడెర్మా విరిడి అనే మేలుచేసే శిలీంధ్రాన్ని మాగిన పశువుల ఎరువులో కలిపి, కొద్దిగా నీరు చల్లి, నీడలో వారం పది రోజులు ఉంచి ఆ ఎరువును మడికి వేయడం మంచి ముందుజాగ్రత్త. రోగం చూసిన తరువాత మందులు పోయడం కన్నా అక్టోబరు రాకముందే కాలువలు శుభ్రం చేసి, బోదెలకు మట్టి ఎగదోసి, కుండీలను వరుస వానల్లో చూరు కిందకు జరపడం ఎక్కువ ఫలితమిస్తుంది.

ఏ పురుగులు పడతాయి?

తామర పురుగులు పడితే రెక్కల అంచులు గోధుమ రంగుకు మారి, మొగ్గలు వంకరపోతాయి. పేనుబంక లేత కాడలకు గుంపుగా అంటుకుంటుంది. రెండింటికీ లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంత్రం వేళ వారం ఎడంతో పిచికారీ చేస్తే ఇంటి తోటకు సరిపోతుంది. మొగ్గలకు రంధ్రాలు కనబడితే లోపల గొంగళి పురుగు ఉంటుంది. ఆ మొగ్గలను గిల్లి నాశనం చేయాలి. పొలంలో ఉధృతి ఎక్కువైతే పురుగును ఉద్యానశాఖ అధికారికి చూపించి మందు తెచ్చుకోవాలే గానీ అంగడివారు ఇచ్చిన నాలుగు డబ్బాలు ఒకేసారి కలిపి కొట్టకూడదు.

కంటికి కనబడనిది నులిపురుగు. మొక్క గిడసబారి, పట్టపగలు వాడి, తవ్వి చూస్తే వేళ్ల మీద బుడిపెలుంటే అదేనని గుర్తించాలి. మదనపల్లె, పుంగనూరు వైపు టమాట పండించిన పొలాలలో దీని బెడద ఎక్కువగా ఉండే అవకాశముంది, ఎందుకంటే టమాట దానికి ఇష్టమైన పంట.

పూలు ఎప్పుడు కోయాలి? రాత్రి వాసన ఎక్కువెందుకు?

దండకు కావలసిన విడిపూలను తెల్లవారుజామున, ఎండ పొడ తగలకముందే, బాగా ఉబ్బి విచ్చుకోబోతున్న దశలో కోయాలి. కూజాలో పెట్టే కాడను అడుగు జత పూలు విచ్చుకోగానే పదునైన కత్తితో ఏటవాలుగా కోసి వెంటనే నీళ్లలో పెట్టాలి. నీటిని రోజూ మార్చి, కాడ అడుగును కొద్దికొద్దిగా కత్తిరిస్తూ, వాడిన పూలను తీసేస్తూ ఉంటే పైమొగ్గలు వరుసగా విచ్చుకుంటూ వారం వరకు నిలుస్తాయి. ఒక్క పువ్వు కూడా విచ్చుకోని గట్టి మొగ్గల కాడను కోస్తే మొగ్గలు అలాగే వాడిపోతాయి.

వాసన సంగతికి వస్తే, ఈ పువ్వు రాత్రివేళ తిరిగే పెద్ద రెక్కల చిమ్మెటలను పిలిచే పువ్వు. పొడవైన గొట్టం, తెల్లని రంగు, చీకటి పడ్డాక పెరిగే పరిమళం అన్నీ వాటికోసమే. పడకగది కిటికీ కింద నాలుగు కుండీలు పెడితే కొందరికి ఆ ఘాటు తలనొప్పి తెస్తుంది. వరండా చివర పెట్టుకోవడం మంచిది.

మా ఇంటి పూలు జడలో పెట్టుకొని తిరుమల కొండకు వెళ్లవచ్చా?

కొండ మీద పూలన్నీ స్వామికే చెందుతాయన్నది సంప్రదాయం. అందుకే అక్కడ స్త్రీలు జడలో పూలు పెట్టుకోరు. అలిపిరి దాటే ముందే తీసివేయడం మంచిది. గుడికి పూలు సమర్పించదలచినవారు దేవస్థానం ఉద్యానవన విభాగాన్ని ముందుగా అడిగి, వారు చెప్పిన విధంగా ఇవ్వాలి.

అర ఎకరంలో వేస్తే గిట్టుబాటవుతుందా?

దీనికి అవునని గానీ కాదని గానీ చెప్పలేము, ధర అంతగా ఊగుతుంది. శ్రావణం, దసరా, కార్తీకం, పెళ్లి ముహూర్తాలున్న నెలలు, తమిళుల పెరటాసి శనివారాలు ధరను పైకి లేపుతాయి. ఆషాఢం, మూఢం దానిని కిందకు తెస్తాయి. పూవు మాత్రం ముహూర్తం చూసుకొని పూయదు. కుప్పం, వి.కోట వైపు వారికి బెంగళూరు మార్కెట్టు, చిత్తూరు వైపు వారికి వేలూరు అందుబాటులో ఉండడం ఒక బలం. అంతకన్నా ముందు చూసుకోవలసింది కూలీల సంగతి. విడిపూలను ప్రతిరోజూ తెల్లవారకముందే కోయాలి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఆ పనికి సిద్ధంగా లేకపోతే, కోతకూలి రాబడిని తినేస్తుంది. మొదటి ఏడు దుంపల ఖర్చు పెద్దది, కానీ రెండో ఏటి నుండి దుంపలు కూడా అమ్ముడుపోయే సరుకే. కొత్తవారు పది సెంట్లతో మొదలుపెట్టి, తమ దుంపలతోనే తోటను పెంచుకోవడం మా సలహా.

చలికాలంలో ఆకులు పసుపు పచ్చబడుతున్నాయి. రోగమా?

పలమనేరు, మదనపల్లె వైపు డిసెంబరు, జనవరి రాత్రుల చలికి పూత ఆగి, బయటి ఆకులు పండడం సహజం. నీరు తగ్గించి మొక్కను విశ్రాంతి తీసుకోనివ్వాలి.

దుంపలను ఎప్పుడు తవ్వాలి, ఎలా దాచాలి?

పూత ముగిసి ఆకులు పండిన తరువాత, అంటే మన వైపు సాధారణంగా జనవరి చివరి రోజుల్లో, పది రోజులు నీరు ఆపి తవ్వాలి. మట్టి దులిపి, నీళ్లతో కడగకుండా, నీడలో గాలి తగిలేచోట పలుచగా పరచి, రెండు మూడు రోజులకొకసారి తిరగేస్తూ ఆరనివ్వాలి. పూసిన తల్లిదుంపలను వేరు చేసి, మిగిలినవాటిని లావు, సన్నం అని రెండు కుప్పలు చేయాలి. ప్లాస్టిక్ సంచిలో కట్టిపెడితే చెమ్మకు బూజు పడుతుంది. వెదురు బుట్ట గానీ గోనె గానీ మేలు.

విత్తనంతో పెంచవచ్చా?

ఒకే వరుస రెక్కల రకాలు అరుదుగా గింజ కడతాయి, ముద్ద రకాలు కట్టవు. కొత్త రకాలు తయారుచేసే పరిశోధకులకు తప్ప ఆ శ్రమ ఎవరికీ అవసరం లేదు.

పాత తోట తీసేసిన చోటనే మళ్లీ నేల సంపెంగ వేయవచ్చా?

వెంటనే వేయకూడదు. మూడేళ్లు ఒకే పంట ఉన్న నేలలో నులిపురుగులు, కుళ్లు శిలీంధ్రాలు పేరుకొని ఉంటాయి. ఆ మడిలో ఒక కారు బంతి వేయడం అన్నిటికన్నా తేలికైన ఉపాయం, ఎందుకంటే బంతి వేళ్లలోని పదార్థాలు వేరుబుడిపె నులిపురుగులను అణచివేస్తాయి, పూలకు ఈ ప్రాంతంలో గిరాకీ కూడా ఉంటుంది. టమాట, వంకాయ, బెండ మాత్రం ఆ విరామంలో వేయవద్దు. ఏప్రిల్, మే నెలల్లో నేలను లోతుగా దున్ని ఎండకు వదిలేసి, జూన్‌లో బంతి నారు నాటి, పూలయ్యాక మొక్కలను అక్కడే కలియదున్నితే, ఫిబ్రవరి చివరికల్లా ఆ మడి కొత్త దుంపలకు సిద్ధమవుతుంది.